కేసు షీటు చదివేదెవరు?

(జర్మనీలోని తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

  ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన్ని ఇక్కడున్న వాళ్ళంతా డాక్టరుగారనే పిలిచారు కాబట్టి నేనూ ఈ సాయంత్రం అలాగే అంటాను.

ఆయన పేరు మీద మాట్లాడమంటే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల విషయం ఎంచుకున్నాను. అయితే డాక్టరుగారు వీటికి వ్యతిరేకి. జర్మన్ డాక్టర్ల మహాసభలు ఎలక్ట్రానిక్ ఆరోగ్య కార్డు మీద వ్యతిరేక తీర్మానాలు చేసిన రోజుల్లో ఆయన ఆ పక్షమే. ఆయన స్మారక సభలో ఆ సంగతి దాచిపెట్టడం ఆయనకు మర్యాద కాదు. ఆయన వాదనలో ఒక సగం ఎంత నిజమో, రెండో సగంతో నేనెందుకు ఒప్పుకోలేనో ఈ పూట మీ ముందు పెడతాను. ఆయన ఉంటే ముందు వరసలో కూర్చుని మధ్యలోనే ఆపి ప్రశ్నలేసేవారు.

మీలో చాలామందికి ఆయన క్లినిక్కు తెలుసు. రిసెప్షన్ వెనక ఇనప అలమర, దాని సొరుగుల్లో అరఠావు సైజు అట్టకార్డులు, అక్షరక్రమంలో. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. పడని మందు పైన ఎర్రసిరాతో. కింద రక్తపోటు, షుగరు, ఎక్స్‌రే ఫలితం. ఆ పక్కనే, ఏ కంప్యూటరు ఫారంలోనూ గడి లేని విషయాలు: కొడుకుతో మాటల్లేవు, భర్త పోయి ఆర్నెల్లు, మెట్లెక్కే ఇల్లు. కొత్తగా దేశానికి వచ్చిన మాలాంటి కుర్ర డాక్టర్లం ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్ళి మా కేసులు చెప్పుకునేవాళ్ళం. అంతా విని ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇంత రాశావు, ఇది చదివేదెవరు?"

ఆయన కార్డు విషయంలో జవాబు సులువు. రాసేదీ ఆయనే, చదివేదీ ఆయనే. అలమర తాళంచెవి ఆయన జేబులో ఉండేది. రోగి రహస్యానికి అంతకు మించిన భద్రత ఈనాటికీ ఎవరూ కనిపెట్టలేదు. కాకపోతే శనివారం రాత్రి పదకొండింటికి ఆయన రోగి స్పృహ లేకుండా మా అత్యవసర విభాగానికి వస్తే, ఆ ఎర్రసిరా మాకు కనపడదు. అలమర ఊళ్ళో, తాళం జేబులో, మనిషి మా బల్లమీద.

మన దేశం నుంచి వచ్చిన వాళ్ళకు ఇక్కడి పద్ధతి మొదట్లో వింతగా ఉంటుంది. గుంటూరులోనో కరీంనగరులోనో రోగి ఆసుపత్రికి వచ్చేటప్పుడు స్కానింగ్ సెంటరు పేరున్న పెద్ద ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని వస్తాడు. అందులో పదేళ్ళ రిపోర్టులు, మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు, మడతలు పడ్డ ఈసీజీలు. అది చిందరవందరగా ఉంటుంది, నిజమే. కానీ ఆ కవరు రోగిది. జర్మనీలో కాగితం డాక్టరుది. స్పెషలిస్టు రాసే ఉత్తరం హౌస్‌ఆర్ట్స్ట్‌కు, అంటే కుటుంబ వైద్యుడికి, పోస్టులోనో ఫ్యాక్సులోనో పోయేది. రోగి చేతికిస్తే అంటించిన కవరులో ఇచ్చేవారు. తన ఫైలు తాను చూసుకునే హక్కు రోగికి ఉందని ఇక్కడి అత్యున్నత సివిల్ కోర్టు చెప్పింది 1982లో. అది చట్టంలో స్పష్టంగా చేరింది 2013లో, రోగుల హక్కుల చట్టం ద్వారా. మొదటి కాపీ ఉచితంగా ఇవ్వాలని ఐరోపా న్యాయస్థానం తేల్చింది 2023 అక్టోబరులో. అది ఒక జర్మన్ రోగి తన పళ్ళ డాక్టరు మీద నడిపిన కేసు. తన ఒంటి సంగతి తన చేతికి రావడానికి ఇక్కడి రోగి నలభై ఏళ్ళకు పైగా కోర్టుల చుట్టూ తిరిగాడన్నమాట.

ఆరోగ్య కార్డు కథకు వస్తాను. దాని పుట్టుక ఒక మందుతో ముడిపడి ఉంది. లెవర్‌కూసెన్‌లోని బాయర్ కంపెనీ కొలెస్ట్రాల్‌కు లిపోబే అనే మాత్ర అమ్మేది. అసలు పేరు సెరివాస్టాటిన్. దాన్ని జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో కొవ్వు మందుతో కలిపి వాడితే, రెండోది మొదటిదాన్ని ఒంట్లోంచి పోనివ్వదు. రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కండరాలు కరగడం మొదలవుతుంది. కరిగిన కండరంలోని పదార్థం మూత్రపిండాల్ని మూసేస్తుంది. రోగి చెప్పేది మాత్రం ఒళ్ళునొప్పులు, మూత్రం కోలా రంగులో వస్తోంది, అంతే. ఈ కలయిక వద్దని మందు కాగితంలో హెచ్చరిక అచ్చువేసే ఉంది. అయినా 2001 ఆగస్టులో కంపెనీ ఆ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకునే నాటికి, ప్రపంచం మొత్తం మీద లెక్కకొచ్చిన మరణాలు 52.

హెచ్చరిక అచ్చులో ఉంటే చాలదు. చీటీ రాస్తున్న డాక్టరుకు, ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకోచోట ఇంకేం తీసుకుంటున్నాడో ఆ క్షణంలో తెలియాలి. ఈ దేశంలో రోగి తనకిష్టమైన స్పెషలిస్టు దగ్గరికి తనంతట తాను పోవచ్చు. గుండెకు ఒకరు, కీళ్ళకు ఒకరు, నిద్రకు ఒకరు. ముగ్గురూ మంచివాళ్ళే, ముగ్గురూ జాగ్రత్తపరులే, ఒకరు రాసింది ఒకరికి తెలియదు. లిపోబే దెబ్బతో అప్పటి ఆరోగ్యమంత్రి ఉల్లా ష్మిట్ ఎలక్ట్రానిక్ ఆరోగ్య కార్డు పథకాన్ని ముందుకు తెచ్చారు. 2003 నాటి చట్టం గడువు కూడా పెట్టింది: 2006 జనవరి 1.

ఆ గడువు దాటిపోయింది. కార్డు కోసం పెట్టిన గెమాటిక్ అనే సంస్థలో డాక్టర్లు, ఆసుపత్రులు, మందుల షాపులు, బీమా సంస్థలు అందరూ భాగస్వాములు, కాబట్టి అందరికీ ఆపే శక్తి ఉండేది. కార్డులు పంచడం 2011 చివర్లో మొదలైంది, 2015 నుంచి తప్పనిసరి అయింది. ఫోటో ఉంది, చిప్పు ఉంది. చిప్పులో పేరు, చిరునామా, బీమా వివరాలు ఉన్నాయి. మందుల పట్టిక లేదు. ఎవరి ప్రాణాలు కాపాడడానికి ఆ కార్డు పుట్టిందో ఆ పని తప్ప మిగతావన్నీ అది చేసింది. 2016లో మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు వాడేవాళ్ళకు పట్టిక ఇవ్వాలని నిబంధన వచ్చింది, అదీ కాగితం మీద. 2018లో బెర్టెల్స్‌మన్ ఫౌండేషన్ 17 దేశాల డిజిటల్ ఆరోగ్యాన్ని పోల్చి చూస్తే జర్మనీది 16వ స్థానం. మొదటి స్థానం ఎస్తోనియాది. కోవిడ్ కాలంలో ఇక్కడి ఆరోగ్య కార్యాలయాలు ఫ్యాక్సు యంత్రాల ముందు కూర్చుని కేసులు లెక్కపెట్టుకోవడం లోకమంతా చూసింది.

దీన్ని బద్ధకం అనడం తేలిక. మన ఐటీ మిత్రులు ఆ మాట తరచుగా అంటారు కూడా. నేను ఒప్పుకోను. డాక్టరుగారి వాదనలో నిజమైన సగం ఇక్కడే ఉంది.

1939లో ఈ దేశంలోని మానసిక ఆసుపత్రులకు, వికలాంగుల ఆశ్రమాలకు ఒక ఫారం వెళ్ళింది. ఒక్కో రోగికి ఒక్కో ఫారం. పేరు, పుట్టిన తేదీ, జాతి, జబ్బు, ఎన్నాళ్ళుగా ఉన్నారు, ఏ పని చేయగలరు, చూడ్డానికి ఎవరైనా క్రమంగా వస్తారా. నింపిన డాక్టర్లలో చాలామందికి అది ఎందుకో తెలియదు. మామూలు గణాంకాల పని అనుకున్నవాళ్ళున్నారు. ఆ ఫారాలు బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంటి నుంచి నడిచిన కార్యాలయానికి చేరాయి. ముగ్గురేసి వైద్య నిపుణులు ఒక్కో కాగితం చూసి గుర్తు పెట్టారు. ఎర్ర పెన్సిలు కూడిక గుర్తు అంటే చావు. నీలం పెన్సిలు తీసివేత గుర్తు అంటే బతుకు. ఆ నిపుణులు రోగిని చూడలేదు, మాట్లాడలేదు, నాడి పట్టుకోలేదు. గ్రాఫెనెక్, హాడమార్ వంటి ఆరు చోట్ల 1940 జనవరి నుంచి 1941 ఆగస్టు దాకా గ్యాసు గదుల్లో 70,000 మందికి పైగా చంపేశారు. వాళ్ళ కేసు ఫైళ్ళలో దాదాపు 30,000 తూర్పు జర్మనీ రహస్య పోలీసుల భాండాగారంలో 1990 ప్రాంతంలో బయటపడ్డాయి. ఇప్పుడవి జాతీయ ఆర్కైవులో ఉన్నాయి.

నేను ఈ సంగతి ఎక్కడ మాట్లాడినా హాలు బరువెక్కుతుంది, అయినా చెప్తూనే ఉంటాను. వైద్య రికార్డు చరిత్రలో ఇది పక్కకు నెట్టేసే అధ్యాయం కాదు. ఆ ఫారం చక్కగా తయారైంది, అన్నీ ఒకే నమూనాలో ఉన్నాయి, ఒకే కేంద్రానికి చేరాయి, త్వరగా చదివే వీలుంది. ఈనాడు మనం మంచి సమాచార వ్యవస్థకు చెప్పే లక్షణాలన్నీ దానికున్నాయి. చదివినవాళ్ళు వేరు, వైద్యం చేసేవాళ్ళు వేరు. మంచం మీద మనిషికి తన గురించి ఏం రాశారో తెలియదు, కాదనే దారి లేదు. డాక్టరుగారు మొదట పనిచేసిన ఊరికి దగ్గర్లో ఇలాంటి ఆశ్రమం ఒకటుండేది. అక్కడి ముసలి నర్సు ఒకామె ఆయనతో ఈ విషయం మాట్లాడేదట. ఆరోగ్య కార్డుకు ఆయన అడ్డం నిలబడ్డానికి మూలం అదేనని నా నమ్మకం.

ఈ భయం డాక్టరుగారొక్కరిదే కాదు. 1983లో ప్రభుత్వం జనాభా లెక్కలు మొదలుపెట్టబోతే వెయ్యిమందికి పైగా కోర్టుకెక్కారు. కార్ల్స్‌రూయె రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఏడాది డిసెంబరు 15న ఇచ్చిన తీర్పు, తన సమాచారం ఎవరికి ఎంత తెలియాలో తేల్చుకునే హక్కు మనిషి గౌరవంలోనే భాగమని చెప్పింది. లెక్కలు 1987కు వాయిదా పడ్డాయి. ఇప్పుడు ఐరోపా అంతటా అమల్లో ఉన్న సమాచార రక్షణ నియమాల వేళ్ళు ఆ తీర్పు దాకా పోతాయి.

ఇక ఇప్పటి ఎలక్ట్రానిక్ రోగి రికార్డు, ఈపీఏ. 2021 జనవరిలో మొదటిసారి వచ్చినప్పుడు కావాలన్నవాళ్ళు అడిగి తెరిపించుకోవాల్సి ఉండేది. గుర్తింపు, రహస్య సంఖ్య, యాప్, మళ్ళీ గుర్తింపు. రెండేళ్ళు గడిచినా నూటికి ఒకరి దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఆరోగ్యమంత్రి కార్ల్ లౌటర్‌బాఖ్ హయాంలో వచ్చిన డిజిటల్ చట్టం, 2024 మార్చిలో అమల్లోకి వచ్చి, ఆ నియమాన్ని తిరగేసింది: వద్దన్నవాళ్ళకు తప్ప అందరికీ రికార్డు ఉంటుంది. 2025 జనవరి 15న హాంబుర్గ్, ఫ్రాంకోనియా, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలోని కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలై, ఏప్రిల్ 29న దేశమంతా తెరిచారు, అక్టోబరు 1 నుంచి డాక్టర్లు నింపడం తప్పనిసరి చేశారు. ప్రజా బీమాలో ఉన్న సుమారు 7 కోట్ల మందికి రికార్డు తయారైంది. వద్దని రాసిచ్చినవాళ్ళు నూటికి ఐదుగురి చుట్టుపక్కల.

మధ్యలో జరిగింది కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో హాంబుర్గ్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ సమావేశంలో బియాంకా కాస్ట్ల్, మార్టిన్ చిర్సిచ్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ఈ వ్యవస్థలో ఎవరి రికార్డయినా తెరిచే దారులున్నాయని వేదిక మీద చూపించారు. అందుకు పనికొచ్చిన పరికరాల్లో, డాక్టర్లు పాతసామాను అమ్మకాల్లో అమ్మేసిన కార్డు రీడర్లు, కార్డులు కూడా ఉన్నాయి. గెమాటిక్ కొత్త తాళాలు వేసింది. దేశమంతా తెరిచిన వారంలోనే వాళ్ళు మరో సందు చూపించారు. దాన్నీ మూశారు. ఆ ఇద్దరూ ఏ రోగినీ బాధపెట్టలేదు, ఏ రికార్డూ అమ్ముకోలేదు. తలుపు బిగిసిందో లేదో తోసి చూసే మనుషులు ప్రతి దేశానికీ కావాలి. వాళ్ళ మీద విసుక్కున్న అధికారులు తప్పు చేశారని నా అభిప్రాయం.

ఇంతవరకు డాక్టరుగారి పక్షం మాట్లాడాను. రెండో సగానికి వస్తాను.

ఓల్డెన్‌బుర్గ్, డెల్మెన్‌హోర్స్ట్ ఆసుపత్రుల్లో 1999కీ 2005కీ మధ్య నీల్స్ హోగెల్ అనే నర్సు రోగులకు అవసరం లేని మందులు ఎక్కించి, గుండె ఆగితే తనే బతికించినట్టు చూపించుకోవడం అలవాటు చేసుకున్నాడు. చాలామంది బతకలేదు. 2019లో కోర్టు 85 హత్యలకు యావజ్జీవం వేసింది. అతను వాడిన వాటిలో ఒకటి గుండె లయకిచ్చే అజ్మలిన్. అతను పనిచేసిన వార్డులో ఆ మందు వాడకం కొన్ని రెట్లు పెరిగిన సంగతి ఫార్మసీ లెక్కల్లో ఉంది. ఎవరు ఏ రాత్రి డ్యూటీలో ఉన్నారో డ్యూటీ పట్టికలో ఉంది. ఎవరు ఎప్పుడు పోయారో కేసు షీట్లలో ఉంది. మూడూ రాసి ఉన్నాయి, మూడు గదుల్లో. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే బాధ్యత ఎవరికీ లేదు. ఆ తర్వాతే లోయర్ సాక్సనీ రాష్ట్రం ప్రతి ఆసుపత్రి వార్డుల్లోనూ ఫార్మసిస్టు ఉండాలని చట్టం చేసింది.

చదవకపోవడం కూడా చంపుతుంది. తాళంచెవి జేబులో పెట్టుకుంటే రోగి భద్రంగా ఉన్నాడని డాక్టరుగారు అనుకున్నారు. ఆ భద్రత బయటివాళ్ళ నుంచి మాత్రమే.

చదవడాన్ని వ్యవస్థలోనే కట్టుకున్న చోటు ఒకటి ఈ దేశంలోనే ఉంది. హాంబుర్గ్‌లోని ఎప్పెన్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి 2009లో కొత్త భవనంలోకి మారినప్పుడు కాగితం కేసు షీటును వదిలేసింది. 2011లో ఆసుపత్రి రికార్డుల స్థాయిని కొలిచే అంతర్జాతీయ ప్రమాణంలో ఏడో మెట్టు, అంటే ఆఖరి మెట్టు, ఐరోపాలో మొదట అందుకున్నది అదే. నాకు అందులో నచ్చింది తెరలు కాదు. డాక్టరు మందు కంప్యూటర్లో రాస్తాడు. ఫార్మసిస్టు దాన్ని చదివి, పొంతన చూసి, అనుమానముంటే ఫోను చేస్తాడు. యంత్రం ఒక్కో రోగికి ఒక్కో పూట మందును విడివిడి పొట్లాలుగా కడుతుంది. నర్సు మంచం దగ్గర పోల్చి ఇస్తుంది. ఒకరు రాసింది ఇంకొకరు చదవకుండా మందు రోగి నోటి దాకా చేరదు.

సాఫ్ట్‌వేరు పెడితే చాలు అనుకునేవాళ్ళకు రెండు అమెరికా అనుభవాలు చెప్పాలి. బోస్టన్ బ్రిగమ్ ఆసుపత్రిలో మందులు కంప్యూటర్లో రాయడం మొదలుపెట్టాక తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయని డేవిడ్ బేట్స్ బృందం 1998లో చూపించింది. 2005లో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చిన నివేదిక అందుకు పూర్తిగా ఎదురు. అలాంటి వ్యవస్థే ఆరు రోజుల్లో ఆసుపత్రి అంతా పెట్టాక, వేరే చోట్ల నుంచి ప్రాణాపాయంలో తెచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయి. కారణాలు చదివితే గుండె తరుక్కుపోతుంది. ఇదివరకు పిల్లను అంబులెన్సులో తెస్తుండగానే డాక్టరు మందులు సిద్ధం చేయించేవాడు. కొత్త వ్యవస్థలో పిల్ల వచ్చి పేరు నమోదయ్యేదాకా మందు రాయడానికి వీల్లేదు. నర్సు మంచం వదిలి కంప్యూటరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆ తెర గీసిన ఇంజనీరు దుర్మార్గుడు కాదు. ఆ వార్డులో ఒక రాత్రి నిలబడి చూడలేదు, అంతే.

ఈ హాల్లో సాఫ్ట్‌వేరు పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట పొడిగిస్తాను. 2020లో ఆసుపత్రుల భవిష్యత్తు చట్టం కింద 430 కోట్ల యూరోలు డిజిటల్ పనులకు కేటాయించారు. వాల్‌డోర్ఫ్‌లోని ఎస్‌ఏపీ సంస్థ ఆసుపత్రుల కోసం నడిపిన పాత వ్యవస్థను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాంతో ఎన్నో ఆసుపత్రులు ఇప్పుడు కొత్త వ్యవస్థల్లోకి మారుతున్నాయి. ఆ పనుల్లో మన పిల్లలున్నారు. టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారా వచ్చి, జర్మన్ భాష బీ2 దాకా నేర్చుకుని, వార్డుల్లో పనిచేస్తున్న తెలుగు నర్సులూ ఉన్నారు. తెర గీసేదీ తెలుగువాడే, ఆ తెర ముందు రాత్రి మూడింటికి నిలబడేదీ తెలుగమ్మాయే. ఇద్దరూ ఇదే హాల్లో భోజనం చేస్తారు. ఏ బటన్ ఎక్కడుంటే పని ఆలస్యమవుతుందో ఆ అమ్మాయికి తెలుసు. దయచేసి అడగండి.

ఈపీఏలో ఇప్పుడున్నది ఏమిటంటే, ఎక్కువభాగం పీడీఎఫ్ కాగితాల కట్ట. మన ప్లాస్టిక్ కవరు ఇక్కడ కంప్యూటర్లోకి ఎక్కింది. అందులో వెతకడం డాక్టరుకు కష్టం. ఏడు నిమిషాలు మాత్రమే ఉన్నవాడు నలభై కాగితాలు తెరవడు. కానీ ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే పనికొస్తోంది: మందుల జాబితా. 2024 జనవరి నుంచి మందుల చీటీ ఎలక్ట్రానిక్ అయింది, గులాబీరంగు కాగితం చాలావరకు పోయింది. డాక్టరు రాసినదీ, మందుల షాపు ఇచ్చినదీ తమంతట తామే ఆ జాబితాలో చేరతాయి. ఎవరూ రెండోసారి టైపు చేయక్కర్లేదు. 2001లో లిపోబే అడిగిన ప్రశ్నకు జర్మనీ 2025లో జవాబు రాసింది. 24 ఏళ్ళు ఎక్కువే. అయినా వచ్చిన జవాబు సరైనదని నేను అనుకుంటున్నాను.

చదివే అధికారం ఎవరికుందో చట్టం స్పష్టంగా రాసింది. మీ కార్డు క్లినిక్కులో పెడితే ఆ క్లినిక్కు 90 రోజులు చూడొచ్చు, మందుల షాపయితే 3 రోజులు. మీరు యాప్‌లో ఆ గడువు తగ్గించవచ్చు, తెంచేయవచ్చు, ఒక కాగితాన్ని దాచవచ్చు. బీమా సంస్థ రికార్డును ఉంచుతుంది గానీ లోపల చదవడానికి వీల్లేదు. ఉద్యోగం చేసే చోటి డాక్టరుకు మీరు ప్రత్యేకంగా అనుమతిస్తేనే కనిపిస్తుంది. జన్యు పరీక్ష ఫలితం మీ రాతపూర్వక సమ్మతి లేకుండా ఎక్కించకూడదు. ఏ క్లినిక్కు, ఏ మందుల షాపు ఎప్పుడు తెరిచిందో మీకు కనిపిస్తుంది. 1939 నాటి ఆ ఫారంలో రోగికి లేనిది ఇదే. నేను ఈ రికార్డు పక్షాన నిలబడ్డానికి కారణమూ ఇదే: చదివినది ఏ క్లినిక్కో, ఏ ఆసుపత్రో రోగికి తెలుస్తుంది. ఈ ఒక్క ఏర్పాటునూ ఎప్పుడైనా, ఏ సౌకర్యం పేరిటైనా సడలిస్తే ఆ రోజు నేను డాక్టరుగారి వైపుకు మారిపోతాను. మానసిక జబ్బుల విషయంలో అయితే రోగికి ఇంకా సూక్ష్మమైన అధికారం కావాలి. పళ్ళ డాక్టరుకు నా నిద్రమాత్ర సంగతి తెలియాలా అని అడిగే మనిషికి ఇప్పటి జాబితా సరైన సమాధానం ఇవ్వలేకపోతోంది.

ఆ జాబితాలో పడనివి కూడా ఉన్నాయి. మత్తుమందుల కోవలోకి వచ్చే నొప్పి మందులు ఇంకా కాగితం చీటీ మీదే నడుస్తున్నాయి. చీటీ లేకుండా కొనుక్కునేవి వాటంతట అవి చేరవు. జర్మన్లు మనసు బాగోకపోతే కొనుక్కునే యోహానిస్‌క్రౌట్ అనే మూలిక ఉంది. పచ్చని పెట్టెలో, పసుపు పువ్వు బొమ్మతో, ఏమీ చేయనట్టు కనిపిస్తుంది. అది కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు రోగుల్లో ఆ మూలిక వల్ల సైక్లోస్పోరిన్ మోతాదు పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని జూరిక్ వైద్యులు 2000లో ప్రచురించారు.

మన ఇళ్ళ సంగతి ఇంకా తీవ్రం. మన అమ్మానాన్నలు సూట్‌కేసులో ఆరునెలల మందులు తెచ్చుకుంటారు. మనమూ తెప్పించుకుంటాం. టెల్మా అన్నా మికార్డిస్ అన్నా ఒకటే టెల్మిసార్టాన్. ఎకోస్ప్రిన్ అన్నా ఇక్కడి ఆస్ 100 అన్నా ఒకటే ఆస్పిరిన్. వోవెరాన్, వోల్టారెన్ రెండూ డైక్లోఫినాకే. ఊరి మాత్ర పొద్దున, జర్మన్ మాత్ర రాత్రి వేసుకుని, కళ్ళు తిరిగి పడిపోయి వచ్చిన తెలుగు పెద్దాయనను నేను అత్యవసర విభాగంలో చూశాను. రెండూ బీపీ మాత్రలే. ఆయన జాబితా తెరిస్తే ఒకటే కనిపించింది. రెండోది ఆయన కోడలి హ్యాండ్‌బ్యాగులో ఉంది. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, వాటి మీద వోవెరాన్ అయితే మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఎంతో ఎక్కువ. ఏ సర్వరుకీ ఈ సంగతి దానంతట అది తెలియదు. ఎవరైనా అడగాలి, చెప్పాలి, రాయాలి.

మన వైపు జరుగుతున్నది గురించి రెండు మాటలు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తానే తయారు చేసుకున్న ఐస్మార్ట్ రికార్డుతో తన కేంద్రాలన్నిటినీ ఒకే దారంలో కట్టింది. కంటి డాక్టర్లు తమ పనికి తగ్గట్టు తామే కూర్చుని చేయించుకున్నది కాబట్టే అది నడిచింది. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ మొదలైన ఆయుష్మాన్ డిజిటల్ పథకం 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తోంది. మన దగ్గర రోగి తన కవరు తాను మోసుకునే అలవాటు ఎప్పట్నించో ఉంది. ఆ అలవాటు మీద కట్టుకుంటే జర్మనీ కంటే ముందే పోవచ్చు. కవరు రోగి చేతిలోంచి లాక్కుని సర్వర్లో పెడితే మాత్రం జర్మనీ భయపడినదే అక్కడ జరుగుతుంది.

2025 మార్చిలో ఐరోపా ఆరోగ్య సమాచార నియమావళి అమల్లోకి వచ్చింది. 2029 నుంచి ఒక దేశం మందుల వివరాలు మరో దేశం డాక్టరు చదవగలగాలి. పరిశోధనకు ఈ సమాచారాన్ని పేర్లు తీసేసి వాడుకునే కేంద్రం బాన్ నగరంలోని మందుల నియంత్రణ సంస్థలో ఉంది. వద్దనుకుంటే దానికి వేరుగా అభ్యంతరం చెప్పవచ్చు. వైద్యానికి రికార్డు ఉంచుకుని పరిశోధనకు మాత్రం వద్దనవచ్చు. నేను ఇవ్వడానికే ఒప్పుకున్నాను. ఒక అరుదైన మందు దుష్ప్రభావం ఒక డాక్టరుకు జీవితంలో ఒక్కసారే కనపడుతుంది. ఏడు కోట్ల మందిలో అయితే నెలల్లో తెలిసిపోతుంది. ఒప్పుకోనివాళ్ళను నేను గౌరవిస్తాను. వాళ్ళ చరిత్ర వాళ్ళకు తెలుసు.

చివరగా డాక్టరుగారి కుటుంబం ఈ స్మారక నిధితో ఏం చేయాలని నన్ను అడిగారు కాబట్టి, అందరి ముందే చెప్తున్నాను. పెద్ద పథకం వద్దు. నెలకో శనివారం ఈ హాల్లో ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు, ఇద్దరు ఐటీ పిల్లలు కూర్చుంటే చాలు. వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఊరి నుంచి తెచ్చుకున్నవీ ఆయుర్వేదం పొడులతో సహా, సంచిలో వేసుకుని రావాలి. ప్రతి మందుకూ అసలు పేరు రోమన్ లిపిలో రాసి ఒక పట్టిక చేసిద్దాం. దాన్ని వాళ్ళ డాక్టరో మందుల షాపో రికార్డులో ఎక్కించేలా వెంట పడదాం. యాప్ తెరవడం రానివాళ్ళకు తెరిచి చూపిద్దాం, ఎవరు చదివారో ఎక్కడ చూసుకోవాలో నేర్పిద్దాం. స్మార్ట్‌ఫోను లేనివాళ్ళకు ప్రతి బీమా సంస్థలోనూ ఒంబుడ్స్ కార్యాలయం ఉంది. అభ్యంతరం చెప్పాలన్నా, ఒక క్లినిక్కుకు రికార్డు కనపడకుండా చేయాలన్నా అక్కడికి ఉత్తరం రాస్తే చేసిపెట్టాలి. ఆ ఉత్తరం నమూనా జర్మన్‌లో ఒకటి తయారుచేసి తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. మొదటి శనివారానికి నేను వస్తున్నాను. పేర్లిచ్చేవాళ్ళు భోజనాలకు ముందే ఇవ్వండి.